మూడు చుక్కల ఆర్సెన్

మా అత్తగారింట్లో ముప్ఫై ఏళ్ళుగా నాకు ఒకే ఒక్క నిషేధం ఉండేది. తొంభై అనే అంకెను మా ఊరి పద్ధతిలో పలకకూడదు.

మా ఊరు ఇక్కడికి కారులో ఇరవై నిమిషాలు. మధ్యలో ఒక అడవి, ఒక చెక్‌పోస్టు. అవతల ఫ్రాన్సు, ఇవతల స్విట్జర్లాండు. రెండు వైపులా మాట్లాడేది ఫ్రెంచే గానీ లెక్కల దగ్గరకొచ్చేసరికి దారులు వేరవుతాయి. మా వైపు తొంభైకి విడిగా మాట లేదు. 'నాలుగు ఇరవై పది' అంటాం. నాలుగు ఇరవైలు, పైన ఒక పది. ఈ లోయలో వాళ్ళకు మాత్రం తొంభైకి సుబ్బరంగా ఒకే మాట ఉంది. నేను గడియారాల ఫ్యాక్టరీలో పనికని సరిహద్దు దాటి వచ్చి, ఫ్లోరియాన్‌ను చేసుకుని, వాళ్ళమ్మ ఇంట్లోనే ఇల్లరికం కుదిరిపోయాను. ఆ మొదటి వారంలోనే ఒక పొద్దున రేడియో విని, కొండ మీద తొంభై సెంటీమీటర్ల మంచు పడిందట అని మా ఊరి లెక్కలో అన్నాను. మా అత్తగారు ఎలియెట్ గరిటె కింద పెట్టింది.

"ఈ ఇంట్లో ఆ మాట అనకు అల్లుడూ."

"ఏ మాటండీ?"

"ఏ మాటో నీకు తెలుసు. తొంభై అంటే తొంభై. దాన్ని మూడు ముక్కలు చేసి నా బల్ల మీద పెట్టకు."

అది స్విస్ అభిమానం అనుకున్నాను. ఇల్లరికపు అల్లుడికి ఎదురు మాట్లాడే హక్కు ఎక్కడిది? డెబ్భైని నేను 'అరవై పది' అన్నా ఆవిడ చూసీచూడనట్టు పోయేది. తొంభై దగ్గర మాత్రం ముఖం గంటు పెట్టుకునేది. అసలు కారణం నాకు నిరుటి చలికాలం దాకా తెలియలేదు.

నవంబరులో, మొదటి మంచు పడిన శనివారం మధ్యాహ్నం, కొరాలి గిన్యార్ మా వంటింటి తలుపు తట్టింది. ముప్ఫై ఒక్కేళ్ళ పిల్ల. లొజాన్‌లో ఉద్యోగం మానేసి వచ్చింది. వాళ్ళ తాతగారు ఫెర్నాన్ గిన్యార్ ఒకప్పుడు మా సరస్సు ఒడ్డునే 'గ్రెబ్' అనే గడియారాల కంపెనీ నడిపాడు. గ్రెబ్ అంటే సరస్సులో మునుగుతూ తేలుతూ తిరిగే మునుగుడు కోడి. పేరుకు తగ్గట్టే సముద్రం అడుగుకు దిగేవాళ్ళ కోసం గడియారాలు చేసేవాళ్ళు. బ్యాటరీ గడియారాల దెబ్బకు అది మూతపడి నలభై ఏళ్ళు దాటిపోయింది.

ఆ పిల్ల బూట్ల మంచు కూడా దులుపుకోకుండా, జేబులోంచి రుమాలు మూట తీసి సూప్ గిన్నెల మధ్య విప్పింది. నల్లటి డయల్, మందపాటి అద్దం, నాలుగో నిమిషం దగ్గరా పదో నిమిషం దగ్గరా ఇరవయ్యో నిమిషం దగ్గరా మూడు నారింజ రంగు చుక్కలు. అరవై ఏళ్ళ కిందటి గ్రెబ్. ఫొటోల్లో చూడటమే గానీ చేతిలోకి తీసుకోవడం నాకదే మొదటిసారి. చంటిపిల్లాడిలా చెవికి ఆనించుకుని విన్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"దీన్ని మళ్ళీ పుట్టిద్దామనుకుంటున్నా గిస్లెన్ గారూ," అంది కొరాలి. "ఇదే లోయలో, తాతయ్య కట్టించిన ఆ భవనంలోనే. మొదటి విడత మూడు వందలు. పేరు నా దగ్గరుంది, డ్రాయింగులున్నాయి. చేతుల్లేవు. మీరొస్తారా?"

"మా ఆయన ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుని ఒకే చక్రం బిగిస్తున్నాడు," అంది ఫ్లోరియాన్. "రెండో చక్రం చూపిస్తే జడుసుకుంటాడేమో చూసుకోమ్మా."

"వస్తాను," అన్నాను నేను.

"ఆలోచించుకోండి, తొందరేం లేదు."

"ఆలోచించాను. వస్తాను."

ఫ్లోరియాన్ నా వంక చూసింది. కొత్త పెళ్ళికొడుకులా మొహం వెలిగిపోతోందట నాది. తర్వాత పది రోజులు అదే పాట పాడింది.

అత్తగారు మాత్రం ఆ గడియారాన్ని ఒక్కసారే చూసి ముఖం తిప్పుకుంది. సూప్ ఇంకా సగం ఉండగానే గిన్నె తీసుకెళ్ళి సింకులో పెట్టేసింది.

కారణం ఆ చుక్కలే. మా మామగారు ఆర్సెన్ కుర్రతనంలో గ్రెబ్‌లో డయళ్ళ మీద రంగు వేసేవాడు. లోయ మొత్తంలో అంత సన్నటి చెయ్యి ఇంకొకటి లేదని పేరు. అలాంటివాడు ఒకసారి నాలుగు వందల డయళ్ళ మీద అక్కర్లేని మూడు చుక్కలు పెట్టేశాడు. జెన్షియన్ అనే కొండ మొక్క వేళ్ళతో కాచే సారా తాగి పెట్టానని యజమాని ఎదుట తనే ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఏ కంపెనీ వాళ్ళూ ఆయన చేతికి కుంచె ఇవ్వలేదు. జున్ను చుట్టూ కట్టడానికి స్ప్రూస్ చెట్ల బెరడు పట్టీలుగా ఒలిచే పనిలో బతుకంతా గడిపి, పన్నెండేళ్ళ కిందట పోయాడు. రిటైరైన పోస్ట్‌మన్ ఒగుస్తెన్ ఇప్పటికీ మా ఇంటిని 'మూడు చుక్కల వాళ్ళిల్లు' అనే అంటాడు.

లోకం మాత్రం ఇంకో రకంగా అనుకుంటోంది. కొరాలి ఆ సంగతి చెప్పబోతూ అత్తగారి వీపు వంక భయంగా చూసింది.

"జెనోవాలో డాక్టర్ బెల్ట్రామి అని పళ్ళ డాక్టరున్నారు. పాత గ్రెబ్ గడియారాలు దాచుకునే వాళ్ళ క్లబ్బుకు ఆయనే పెద్ద. ఆ చుక్కల మీద నలభై పేజీల పుస్తకం రాశారు. లోతు నుంచి పైకొచ్చేటప్పుడు ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్పడానికి తాతయ్య పెట్టిన రహస్య గుర్తులట అవి. మూడు వందల్లో రెండు వందలు తమ క్లబ్బే తీసుకుంటుందంటున్నారు. కానీ చుక్కల గురించి ఆనాటి కాగితం ఒక్కటన్నా చూపించమంటున్నారు."

"చూపించకపోతే?" అన్నాను.

"వాళ్ళు తీసుకోకపోతే మిగతావాళ్ళూ తీసుకోరు. వేసవికల్లా మళ్ళీ తాళం."

సింకు దగ్గర్నుంచి అత్తగారు ఇటు తిరక్కుండానే అంది. "రహస్యమూ లేదు, పాడూ లేదు. తాగి పెట్టాడు. ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు."

ఆవిడ నోటి నుంచి ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మామగారి గురించి ఎవరైనా అలా అంటే చీపురు తీసే మనిషి ఆవిడ. వయసుకు చాదస్తం వచ్చిందనుకుని ఊరుకున్నాను. సోమవారం పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళి రాజీనామా ఇచ్చి వచ్చాను.

ఆ తర్వాతి రెండు నెలలు ఎలా గడిచాయో అడక్కండి. పాత గ్రెబ్ భవనంలో ఎవరెవరో స్కీలు, మంచు మీద జారే విరిగిన స్లెడ్జీ బళ్ళు పడేసుకున్నారు. అవన్నీ బయటకు మోశాం. ఉత్తరం వైపు కిటికీల మీద ఆకుపచ్చ రంగు పూసి ఉంటే బ్లేడుతో గీకాం. వెలుగు లోపలికి వచ్చిన రోజు కొరాలి గది మధ్య నిలబడి గిరగిరా తిరిగింది. యాభై అయిదేళ్ళవాణ్ణి నేను తిరగలేదు గానీ తిరగాలనే అనిపించింది. పొద్దున ఆరింటికి లేచి, కాఫీ నిలబడి తాగి, సరస్సు ఒడ్డునే నడుచుకుంటూ పనికి పోయేవాణ్ణి. ఫ్యాక్టరీలో గోడ గడియారం వంక చూస్తూ పని చేసినవాడికి, ఇక్కడ మధ్యాహ్నం భోజనానికి ఫ్లోరియాన్ ఫోన్ చేస్తే తప్ప ఆకలే గుర్తొచ్చేది కాదు.

క్రిస్మస్‌కు ముందు మొదటి గడియారం పూర్తయింది. నీటి పరీక్ష రోజు ఫ్లోరియాన్ కూడా వచ్చింది. గడియారాన్ని నీళ్ళున్న ఇనప డబ్బాలో పెట్టి, సముద్రం లోతులో ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఒత్తిడి ఎక్కించాం. బయటకు తీసి వేడి పలక మీద పెట్టాం. అసలు పరీక్ష దాని తర్వాత. వేడెక్కిన అద్దం మీద ఒక చల్లటి నీటి చుక్క వేయాలి. లోపలికి తడి పోయి ఉంటే అద్దం కింద ఆవిరి కమ్ముతుంది. కమ్మిందంటే రెండు నెలల పని మట్టిపాలు.

చుక్క వేశాను. ముగ్గురం తలలు ఢీకొనేంత దగ్గరగా వంగాం.

"ఊపిరి వదలకండి, మీ ఊపిరే ఆవిరి అనుకుంటాం," అంది కొరాలి.

ముప్ఫై లెక్కపెట్టాను. అరవై లెక్కపెట్టాను. చుక్క తుడిచాను. అద్దం నిర్మలంగా ఉంది, కింద సెకన్ల ముల్లు తన పాటికి తాను తిరుగుతోంది. కొరాలి నన్ను వాటేసుకుంది, ఫ్లోరియాన్ మా ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది. ఇంటికి పరుగెత్తి అత్తగారికి చూపించాను.

"బాగుంది," అంది ఆవిడ, మూడు చుక్కల మీద బొటనవేలు పెట్టి మూసి. "ఇవి లేకపోతే ఇంకా బాగుండేది."

అన్నీ కుదిరాయి, కాగితం ఒక్కటే దొరకలేదు. కొరాలి వాళ్ళ అటకలన్నీ వెతికింది. గిన్యార్ గారు మూసేసిన రోజున పుస్తకాలన్నీ పొయ్యిలో వేయించాడట. జనవరిలో సరస్సు గడ్డకట్టింది. ఏళ్ళ తరబడి అలా కట్టలేదు. నల్లటి అద్దంలాంటి మంచు, ఈ చివర నుంచి ఆ చివరకి. కొరాలికి ఒక ఆలోచన తట్టింది. ఫిబ్రవరి మొదటి ఆదివారం మంచులో బొక్క తవ్వి, మన గడియారం పెట్టుకుని ఒక మనిషి సరస్సులోకి దిగుతాడు. ఊరంతా వస్తుంది, బెల్ట్రామి క్లబ్బూ వస్తుంది. ఆయన వస్తానన్నాడు, కాగితం మాట మాత్రం మరిచిపోలేదు.

దానికి వారం ముందు నా పని బల్లను ఇంటి అటక మీంచి వర్క్‌షాపుకు తరలించాను. అది మామగారి బల్ల. పెళ్ళినాడు ఆయన నాకిచ్చిన కానుక. "నాకింక దీంతో పని లేదు, నువ్వు వాడుకో నాయనా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు దాని మీద ఊరివాళ్ళ గోడ గడియారాలు బాగుచేశాను. మెట్లు ఇరుకని సొరుగులు లాగేస్తుంటే, అడుగు సొరుగు వెనకాల బోలులో మడత పెట్టిన చీటీ ఒకటి కనిపించింది. పసుపు రంగుకు తిరిగిన కాగితం. పైన గ్రెబ్ వాళ్ళ మునుగుడు కోడి బొమ్మ. తేదీ 1964 మార్చి. ఫ్రాన్సు దక్షిణ తీరాన మార్సెయిలోని ఈత సామాన్ల దుకాణం పేరు, నాలుగు వందల డయళ్ళు, దాని కింద: 'నారింజ రంగులో: 4, 20, 10'.

మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. వంటింట్లో అత్తగారు, ఫ్లోరియాన్ ఉల్లికాడల్లాంటి లీకు కాడలు తరుగుతున్నారు.

"దొరికింది," అన్నాను. "బెల్ట్రామి రాసిందే నిజం. మామయ్య తాగీ పెట్టలేదు, ఊగీ పెట్టలేదు. ఆర్డరే అలా వచ్చింది. దుకాణం వాళ్ళే అడిగారు, చూడండి."

ఫ్లోరియాన్ చీటీ లాక్కుంది. "మా నాన్న తాగలేదమ్మా," అంది ఆ పిల్ల, చీటీని గుండెకు హత్తుకుని. పెళ్ళై ముప్ఫై ఏళ్ళయినా నాకు తను పిల్లే.

అత్తగారు కత్తి ఆపలేదు. నాకు సంతోషంలో ఒళ్ళు తెలియడం లేదు. చీటీ తీసుకుని మళ్ళీ గట్టిగా చదివాను. నారింజ రంగులో నాలుగు, ఇరవై, పది. అప్పుడే చిన్న అనుమానం తగిలింది. మూడు నిమిషాలు రాసేవాడు ఎవడైనా నాలుగు, పది, ఇరవై అని వరసగా రాస్తాడు. ఈ మనిషి ఇరవై తర్వాత పది ఎందుకు రాసినట్టు? ఇంకోసారి చదివాను, ఈసారి కొంచెం తొందరగా, మా ఊళ్ళో చదివినట్టు.

నాలుగు ఇరవై పది.

కత్తి చప్పుడు ఆగింది.

"ఆ అక్షరాలు ఎవరివి అత్తయ్యా?" అని అడిగాను, జవాబు తెలిసే.

"నావే," అంది ఆవిడ.

చేతులు తుడుచుకుని కూర్చుంది. పదిహేడేళ్ళప్పుడు గ్రెబ్‌లో చేరిందట. అది మూడో రోజు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళితే టెలిఫోన్ దగ్గర తనొక్కతే ఉంది.

"గరగరమని ఒకటే రొద. అవతల మార్సెయి మనిషి, ఆ యాసా వాడూనూ. నారింజ రంగులో రాయండి అన్నాడు. నాలుగు, ఇరవై, పది. మూడంకెలు విన్నాను, మూడంకెలు రాశాను. తొంభై మీటర్ల లోతు దాకా పనికొస్తుందని డయల్ మీద తొంభై అని వేయమన్నాడు పాపం. నాకేం తెలుసు? పుట్టి బుద్ధెరిగి ఈ లోయ దాటలేదు. తొంభైని అలా అంటారని నేను కలలోనైనా అనుకుంటానా?"

"మరి నాన్న?" అంది ఫ్లోరియాన్.

"చీటీ మీ నాన్న చేతికెళ్ళింది. రాసినట్టే పెట్టాడు. సరుకు చూసి మార్సెయివాడు ఫోన్ చేసి తిట్టిపోశాడు. యజమాని అందర్నీ వరసగా నిలబెట్టి ఎవరి తప్పని అడిగాడు. చీటీ చూపిస్తే అందులో నా అక్షరాలు బయటపడేవి. నా జీతం మీద మా ఇంట్లో అయిదుగురం. నేను నోరు తెరిచేలోపు ఆయన ముందుకొచ్చి, చీటీ ఎక్కడో పారేశాను, తాగి పెట్టాను అన్నాడు. అప్పటికి మేము రెండంటే రెండుసార్లు మాట్లాడుకున్నాం. అది కూడా రంగు డబ్బాల గురించి."

"తర్వాతైనా చెప్పొచ్చుగా అమ్మా."

"చెబుతానన్న ప్రతిసారీ ఒట్టు వేయించుకున్నాడు. కానీ చీటీ మాత్రం దాచుకున్నాడన్నమాట, దొంగ."

ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. నాకు ముప్ఫై ఏళ్ళ గరిటె చప్పుడు ఒక్కసారిగా అర్థమైంది. నేను ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ వింటున్నది నా గొంతు కాదు, మార్సెయివాడి గొంతు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను.

"అత్తయ్యా, ఈ చీటీ ఒక్కటీ బెల్ట్రామికి ఇచ్చి ఊరుకుందాం," అన్నాను. "ఆయనకు కావలసింది ఇందులో ఉంది. ఆర్డర్ ప్రకారమే చుక్కలు పెట్టారని తేలుతుంది. మామయ్య తాగలేదనీ తేలుతుంది. ఎవరికీ నష్టం లేదు. నిజం చెబితే ఆయన పుస్తకం బుట్టదాఖలు. నవ్వులపాలైన మనిషి రెండు వందల గడియారాలు తీసుకుంటాడా? నేను ఉద్యోగం వదులుకుని వచ్చాను."

ఆవిడ తరిగిన కాడలు పక్కకు నెట్టింది.

"తాగలేదని తేలుతుంది," అంది. "నాకోసం ఊరుకున్నాడని తేలదుగా అల్లుడూ."

చీటీ మడిచి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. ఆ వారమంతా దాని ఊసెత్తలేదు, నాకూ అడిగే ముఖం లేదు. కొరాలికి చెప్పనూ లేదు. ఫ్లోరియాన్ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, "మళ్ళీ ఫ్యాక్టరీ కుర్చీలోకి పోవాల్సొస్తే పోదువుగానిలే. నడ్డి విరగదు," అంది. అదే తన పద్ధతిలో ధైర్యం చెప్పడం.

ఆదివారం ఎండ కాసింది. మంచు మీద ఊరు ఊరంతా ఉంది. స్కేటింగ్ చేసేవాళ్ళు, చక్రాల బదులు స్లెడ్జీ కట్టిన పిల్లల బళ్ళు, పొయ్యి మీద పెద్ద కుండలో వేడి వైన్. మధ్యలో బల్ల అంత వెడల్పున నల్లటి నీళ్ళ బొక్క. దిగే మనిషి మణికట్టు మీద నేను కట్టిన గడియారం. పక్కనున్న ఒగుస్తెన్ ఏదో అడుగుతున్నాడు, నేను ఆ బొక్క మీంచి కళ్ళు తీయలేదు.

బెల్ట్రామి పొట్టిగా, గుండ్రంగా, బొచ్చు టోపీ పెట్టుకుని ఉన్నాడు. చేతిలో ఆయన నలభై పేజీల పుస్తకం. దిగినవాడు పైకొస్తున్నప్పుడు తాడు పట్టుకుని ఆయనే నిమిషాలు లెక్కపెట్టాడు. మనిషి బయటపడి చెయ్యి పైకెత్తగానే జనమంతా చప్పట్లు. గడియారం నడుస్తూనే ఉంది. నేను అద్దం తుడిచి ఎండకు పెట్టి చూశాను. ఆవిరి లేదు. ఆ క్షణంలో నాకు ఇంకేదీ అక్కర్లేదనిపించింది.

"అద్భుతం," అన్నాడు బెల్ట్రామి. "మరి కాగితం సంగతేంటమ్మా?"

కొరాలి తల దించుకుంది. "దొరకలేదండీ డాక్టర్ గారూ."

"నా దగ్గరుంది," అంది వెనక నుంచి అత్తగారు.

కుర్చీ స్లెడ్జీలో కూర్చోబెట్టి ఫ్లోరియాన్ తోసుకొచ్చింది. డెబ్భై ఏడేళ్ళ మనిషి, చర్చికి వేసుకునే నల్ల కోటులో. చీటీ తీసి బెల్ట్రామి చేతిలో పెట్టింది. ఆయన చదివి, ఇంకోసారి చదివి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మార్సెయి ఈతగాళ్ళు, నాలుగు, ఇరవై, పది. ఆయన పాతికేళ్ళ నమ్మకం కాగితం మీద. తన వాళ్ళ వైపు తిరిగి ఇటాలియన్‌లో ఏదో అరిచాడు, వాళ్ళంతా టోపీలు ఊపారు. కొరాలి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతే, గెలిచేశాం. ఆవిడ ఇక్కడితో ఆపితే చాలు.

"ఆగండి డాక్టర్ గారూ," అంది అత్తగారు. "వరస చూడండి. ఇరవై తర్వాత పది ఎందుకుందో మీ పుస్తకంలో రాశారా?"

ఆయన పుస్తకం తెరిచి పేజీలు తిప్పాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. టెలిఫోన్, రొద, మూడో రోజు, యజమాని ఎదుట వరసగా నిలబడటం. గొంతు పెంచలేదు, అయినా స్కేటింగ్ చేసేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. "చుక్కలు వేసిన చెయ్యి ఆయనది. తప్పు విన్న చెవి నాది. అరవై ఏళ్ళుగా ఈ ఊరు తాగుబోతన్నది తాగని మనిషిని," అని ముగించింది. కొరాలి చెయ్యి నా చేతిలో మంచుగడ్డైపోయింది.

బెల్ట్రామి నా వైపు తిరిగాడు. "మీరు ఫ్రాన్సు మనిషట కదా. తొంభై అనండి."

నేను అత్తగారి వంక చూశాను.

"అనవయ్యా," అంది ఆవిడ.

"నాలుగు ఇరవై పది," అన్నాను.

ఆయన చీటీ చూశాడు, గడియారం చూశాడు. వేలితో మూడు చుక్కలూ ఒక్కొక్కటే తాకాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. నవ్వి నవ్వి మంచు మీద చతికిలబడిపోయాడు.

"పాతికేళ్ళు," అన్నాడు ఊపిరి తిప్పుకుంటూ. "పాతికేళ్ళ నుంచి నా మాట నమ్మి మా వాళ్ళు నాలుగో నిమిషంలో ఆగుతున్నారండీ నీళ్ళలో. కారణం లేకుండా, చలికి వణుకుతూ." ఇద్దరు పట్టుకుని లేపాక ముఖం మారింది. టోపీ తీశాడు. "ఆయన పేరేమిటన్నారు?"

"ఆర్సెన్."

"ఎలియెట్ గారూ, ఈ చీటీ నకలు ప్రతి గడియారం పెట్టెలోనూ ఉండాలి. నాది పారేసి కొత్త పుస్తకం రాస్తాను. రెండు వందలు మావే. నిజానికి అవి చాలవు, ఈ కథ వింటే మా వాళ్ళు జుట్లు పట్టుకుంటారు."

కొరాలి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. నేను మాత్రం ఈసారి నిజంగానే మంచు మీద గిరగిరా తిరిగాను. తిరిగి పడ్డాను కూడా.

"అయితే మూడు చుక్కలాయన తాగలేదన్నమాట," అన్నాడు ఒగుస్తెన్, తల గోక్కుంటూ.

"తాగాడు, ఒక్కసారి. నీ పెళ్ళిలో," అంది అత్తగారు. "నీ పెళ్ళాన్ని చూసి జాలేసి."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లోనే ఆవిడ కోటు చేతితో కళ్ళు తుడుచుకోవడం నేనూ ఫ్లోరియాన్ తప్ప ఎవరూ చూడలేదనుకుంటాను.

కొరాలి నోటుబుక్కు, పెన్సిలు తీసి స్లెడ్జీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రతి గడియారం వెనక ఒక నంబరు చెక్కుతాం, ఒకటి నుంచి మూడు వందల దాకా.

"మొదటి గడియారం మీకే ఎలియెట్ గారూ. ఒకటో నంబరు రాసుకోనా?"

"ఒకటొద్దు," అంది ఆవిడ. నా వంక చూసింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, మా ఊరి లెక్కలో, ఒక్కొక్క ముక్కా నింపాదిగా పలికింది.

"నాలుగు ఇరవై పది."

కొరాలి పెన్సిలు గాలిలో ఆగింది.

"ఒక్కటే అంకె," అంది అత్తగారు. "సరిగ్గా విని రాసుకో అమ్మాయ్."